ధర్మపురిలో తీసేసిన వాషరు

ధర్మపురిని చూడడానికని ఎవరూ ధర్మపురికి పోరు. సేలం పోయేవాళ్ళు దాటుకుంటూ పోతారు, హొగెనక్కల్ జలపాతానికి పోయేవాళ్ళు మలుపు తిరిగి పోతారు. మేమూ దాటిపోదామనే బయల్దేరాము. మా కారులో ఏసీ చెడిపోయి ఆగాము. ఆగిన పుణ్యాన మూడు రోజుల్లో చూసింది రాస్తున్నాను. గుళ్ళూ కోటలూ కావలసినవాళ్ళు ఇక్కడే దిగిపోవచ్చు.

మేము అంటే ఇద్దరం. నేను మదనపల్లెలో ముప్ఫై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. కారు నడిపేది నేనే. పక్క సీట్లో కుసుమ వదిన, మా ఆయనకు అక్క. తపాలా ఆఫీసులో పని చేస్తూ, కాళ్ళు సహకరించక ముందుగానే ఉద్యోగం మానుకుంది.

ఆవిడది నరాల జబ్బు. కరెంటు తీగకు తొడుగు ఉన్నట్టు నరానికి ఒక పొర ఉంటుందట, ఆవిడకు అది అక్కడక్కడా ఊడిపోయిందని డాక్టరు బొమ్మ గీసి చెప్పాడు. చల్లగా ఉన్నంతసేపు నడుస్తుంది. ఒళ్ళు వేడెక్కితే కాళ్ళకు కబురు అందదు. మళ్ళీ చల్లబడితే అందుతుంది. ఇదంతా నేనూ విన్నాను. విన్నాను గాని నమ్మలేదు. పొద్దున ఆరింటికి వాకిట్లో ముగ్గు వేసిన మనిషి పదకొండింటికి కుర్చీలోంచి లేవలేనంటే నాకు లెక్క కుదరలేదు. ఒక పెళ్ళిలో కూరగాయలు తరిగే దగ్గర అందరి ముందూ అనేశాను: "మీ కాళ్ళకు గడియారం చూడడం భలే వచ్చు వదినా, సరిగ్గా పని వేళకే నిలిచిపోతాయి." నలుగురూ నవ్వారు. ఆవిడా నవ్వింది. ఆ తర్వాత ఆవిడ ఏ పెళ్ళికీ రాలేదు, ఎవరింటికీ రాలేదు.

రిటైరయ్యాక తీరిక ఎక్కువై ఆ మాట ఊరికే గుర్తుకొచ్చేది. కావేరిలో పుట్టి పడవ ఎక్కాలని ఆవిడకు ఎప్పటి నుంచో ఆశ. ఉద్యోగంలో ఉండగా తన చేతి మీదుగా పోయిన బొమ్మ కార్డులో చూసిందట, గుండ్రటి పుట్టి, వెనక పొగలాగా నీటి తుంపర. శివరాత్రి వెళ్ళాక ఒకరోజు పోయి అడిగాను, హొగెనక్కల్ పోదాం రండి అని. 

"వస్తాను. కార్లో ఏసీ నిలిచిపోతే మాత్రం వెనక్కి తిప్పు. మళ్ళా నన్ను యాడికీ రమ్మని అడగద్దు," అంది.

అడగద్దు అన్నది కోపంగా కాదు. అలిసిపోయిన మనిషి అన్నట్టు అంది. అదే నాకు గుచ్చుకుంది.

కుప్పం దాటాక

మా కారుకు ఇరవై ఏళ్ళు. దాని ఏసీది ఒకటే గుణం, గంటన్నర బాగా పనిచేసి, ఎండెక్కాక నిలిచిపోతుంది. మా ఊళ్ళో మూడు షెడ్లకు తీసుకుపోయాను. పోయినప్పుడల్లా పొద్దున్నే పోయేదాన్ని, ఎండకు ముందు పని అయిపోతుందని. ముగ్గురూ స్విచ్ వేసి, మొహానికి చల్లగాలి పెట్టుకుని, "బాగానే ఉంది గదా మేడమ్" అన్నారు. మూడోవాడు గ్యాసు కూడా నింపాడు. ఇక ఢోకా లేదనుకుని బయల్దేరాను.

పుంగనూరు, పలమనేరు, వి.కోట చల్లగా గడిచిపోయాయి. వదిన మాట్లాడుతూనే ఉంది. దారిలో కనపడిన ప్రతి ఊరికీ పిన్‌కోడ్ చెప్పింది. కుప్పం దాటి తమిళనాడులో అడుగు పెట్టగానే గాలి వెచ్చబడింది. బటన్ నొక్కాను, ఆపి మళ్ళీ నొక్కాను, బోర్డు మీద అరచేత్తో కొట్టాను, తిట్టాను. నాకు తెలిసిన వైద్యం అంతే. వదిన అద్దం దించి, తడి తువ్వాలు మెడ మీద వేసుకుని, మాటలు మానేసింది.

కృష్ణగిరి చేరేసరికి ఆవిడ ఎడమ పాదం మ్యాట్ మీద పక్కకు ఒరిగిపోయి ఉంది. రోడ్డు పక్కన ఏసీ బొమ్మ ఉన్న ఒక షాపు కనపడితే ఆపాను. అక్కడి మనిషి బానెట్ ఎత్తి, లోపలికి ఒకసారి చూసి, "క్లచ్ పోచ్చు," అన్నాడు, పోయిందని.

నాకు ఒళ్ళు మండింది. "క్లచ్ పోతే బండి ఇంతదూరం ఎట్లా వచ్చిందయ్యా? నేను చెప్పింది ఏసీ సంగతి! క్లచ్ పోయిన ఏడాదే మార్పించాను, బిల్లు కూడా ఉంది!" అని డాష్‌బోర్డు అరలోంచి బిల్లు తీసి చూపించాను. అతను బిల్లును చూశాడు, నన్ను చూశాడు, బానెట్ వైపు చెయ్యి చూపించి మళ్ళీ అన్నాడు, "క్లచ్." నేను గేరు రాడ్ ఊపి చూపించాను. చివరికి కంప్రెసరు మొత్తం మార్చాలి, రెండు రోజులు పడుతుంది అని అతను చెప్పినట్టు అర్థమైంది. ఏసీకీ గేరుకూ తేడా తెలియని మనిషి చేతిలో బండి పెట్టేదేమిటని విసురుగా వచ్చేశాను. ఏసీకి కూడా వేరే ఒక క్లచ్ ఉంటుందని ఆ పూటకు నాకు తెలియదు. ఆ షాపాయన ఈ సంగతి ఎన్నేళ్ళు చెప్పుకుని నవ్వుతాడో.

"తిప్పు సరళా," అంది వదిన.

"వెనక్కి పోయినా మూడు గంటలు ఈ ఎండే వదినా. ధర్మపురి గంట దూరం. అక్కడ ఏసీ గది తీసుకుందాము. రేపు ఒక్కరోజు ఇయ్యండి నాకు. బాగుకాకపోతే ఎల్లుండి తెల్లారేసరికి తిప్పేస్తా."

"ఒక్కరోజే," అంది ఆవిడ కళ్ళు తెరవకుండానే.

పెరియంపట్టి దగ్గర సంగటి

కారిమంగళం వైపు, పెరియంపట్టికి పోయే దారి దగ్గర, రోడ్డుకు ఇవతల ఒక పూరిపాక హోటలు. నీడ బాగుందని ఆపాను. వదినను నడిపించి లోపల బెంచీ మీద కూర్చోబెట్టేసరికి మా ఇద్దరికీ ఆయాసం వచ్చింది. హోటలామె నా వయసుదే. అడగకుండానే చెంబుతో నీళ్ళు, కొబ్బరాకు విసనకర్ర తెచ్చి ఇచ్చింది. కళి ఉంది, ఉలవ చారు ఉంది, ఆకుకూర ఉంది అని తమిళంలో వేళ్ళు మడిచి చెప్పింది.

కళి అంటే ఏమిటోనని చూస్తే మన రాగిసంగటి. "సంగటికి ఈ ఊళ్ళో ఇదా పేరు," అని నేను వదినతో అంటూ ఉంటే ఆమె ఆగిపోయింది.

"మీరు తెలుగువాళ్ళా? ఇంట్లో మేమూ సంగటనే అంటాము మా. ఈడ అంగట్లో కళి. వచ్చేవాళ్ళకు తెలియాల గదా."

గడప లోపల ఒక పేరు, గడప బయట ఒక పేరు. ఆమెకు అది వింతే కాదు. ఆమె తెలుగు మా మదనపల్లె తెలుగుకు చాలా దగ్గర, చివర్లు మాత్రం తమిళంలాగా లాగుతుంది, అమ్మా అనేదాన్ని మా అంటుంది. మేము వేరుశనగ ఊరుబిండితో తింటామంటే, "అది ఎండిపోయి గొంతులో నిలవదా?" అని ఆశ్చర్యపోయింది. రెండు ముద్దలు, పొయ్యి మీది ఉలవ చారు, మజ్జిగ కలిపి మనిషికి అరవై రూపాయలు. వదిన ఆ పాకలో అరగంట కూర్చుని, తిని, తానే లేచి చెయ్యి కడుక్కుంది. నేను చూశాను. చూసి, సంగటి బలం అనుకున్నాను. నా బుద్ధి అప్పటికి అంతవరకే.

ఏసీ గోడు చెప్పుకుంటే ఆమె ధర్మపురిలో పెన్నాగరం రోడ్డు మొదట్లో వెంకటాచలం అనే మెకానిక్కు గుర్తులు చెప్పింది. "మావాళ్ళే. చెయ్యి మంచిది. కొంచెం తిక్క ఉండాది. ఆయన చెప్పినట్టు చెయ్యాల, ఎదురు అడగకూడదు," అంది. ఎదురు అడగకుండా ఉండడం నాకు చేతనయ్యే పని కాదని వదిన ఆమెకు వివరంగా చెప్పింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

చల్ల బండిని చూడని మనిషి

మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకే షెడ్డు ముందున్నాము. ముందు షెడ్డు, వెనక ఇల్లు, మధ్యలో ఒక వేపచెట్టు. వెంకటాచలానికి నలభై అయిదేళ్ళుంటాయి, చొక్కా జేబులో టెస్టరు, చెవి మీద పెన్సిలు. వేపచెట్టు కింద ఆయన తల్లి చింతకాయలు కొడుతోంది. తెలుగు వినగానే రోకలి పక్కన పెట్టి, "రాండి, రాండి," అని వదినకు కుర్చీ వేసింది. ఆమెను అందరూ అవ్వ అంటున్నారు, మేమూ అవ్వా అన్నాము.

నేను స్విచ్ వేసి చూపించాను. ఏసీ నా పరువు తీయడానికే పుట్టినట్టు చల్లగా వీచింది. వెంకటాచలం బానెట్ ఎత్తలేదు. దాని మీద అరచెయ్యి ఆనించి తీసేశాడు.

"చల్లంగా ఉండాది. ఇప్పుడు చూసి ఏమి చెప్పేది మా?"

"చూస్తే గదా తెలిసేది!" అన్నాను.

"జబ్బు లేనప్పుడు చూస్తే జబ్బు లేదనే చెప్పాల. అది అబద్ధమయిపోతాది. పాలకోడు దాకా పోయి రండి. దారంతా ఏసీని అడగతానే ఉండండి. ఇయ్యనని నిలిచిపోయినాక, ఇంజను ఆపకుండా నా తావకు తీసుకోని రండి. ఆపినారంటే మళ్ళా మొదటి నుంచి."

అడగడం అనే మాట ఆయన ఊతపదం. స్విచ్ వెయ్యడాన్ని అడగడం అంటాడు, గాలి రావడాన్ని ఇయ్యడం అంటాడు. పెట్రోలు పోసి, బండి చెడిపోయేదాకా తిప్పుకుని రమ్మనే మెకానిక్కును నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. నోటి దాకా వచ్చిన మాటను హోటలామె హెచ్చరిక గుర్తొచ్చి మింగాను. వదిన ఎండలో రాలేదు గనక అవ్వ దగ్గరే ఉంటానంది. వదిలి పోవడానికి నాకు మనసొప్పలేదు. అవ్వ అప్పటికే ఒక బేసిన్లో నీళ్ళు పోసి వదిన పాదాలు అందులో పెట్టిస్తోంది.

పాలకోడు దాకా, ఎండ కోసం

నా జీవితంలో ఎండ కోసం చేసిన ప్రయాణం ఇదొక్కటే. మామిడి తోటలు, కొబ్బరి, చెరుకు బళ్ళు లాగుతున్న ట్రాక్టర్లు. పాలకోడులో చక్కెర మిల్లు ఉంది, గాలిలో బెల్లప్పాకం మాడిన వాసన వచ్చింది. ఏసీని అడుగుతూనే ఉన్నాను. అది మహా ఉదారంగా ఇస్తూనే ఉంది. పదకొండున్నర దాకా చుట్టుపక్కల దారులన్నీ తిరిగాను.

పాలకోడులో టమోటా మార్కెట్టు చూసి కాళ్ళు ఆగలేదు. మదనపల్లె మనిషికి టమోటా మార్కెట్టు పుట్టింటి లాంటిది. కాని ఇంజను ఆపకూడదు గదా. గేటు పక్కనే బండి నిలిపి, అద్దంలోంచి తల బయటపెట్టి చూశాను. అవే పెట్టెలు, అదే అరుపు, అదే పులుపు వాసన. పెట్టెలు దించుతున్న ఒక రైతు నా బండి నంబరు చూసి తెలుగులోనే పలకరించాడు, "ఆంధ్రా నుంచా? మీ ఆడ రేటు ఎంత?"

నేను చెప్పాను. ఆయన తన రేటు చెప్పాడు. మా ఊరికంటే తక్కువ. ఇద్దరం ఒకేసారి పెదవి విరిచాము. మా ఊళ్ళో ధర పడిపోయినప్పుడు రైతు మదనపల్లె వ్యాపారిని తిడతాడు. ఈయన తిట్టిందీ మదనపల్లె వ్యాపారినే, అక్కడ సరుకు ఎక్కువ దిగితే ఇక్కడ పడిపోతుందట. మా ఊరికి ఇంత దూరాన శత్రువులున్నారని తెలియదు. పోతూ పోతూ నాలుగు పండ్లు ఒళ్ళో వేసి, "పచ్చడికి," అన్నాడు.

సరిగ్గా అప్పుడే గాలి వెచ్చబడింది. నిలిచిపోయింది! నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఏసీ చెడిపోయిందని స్టీరింగు మీద దరువేసిన మనిషిని ఆ రైతు అనుమానంగా చూశాడు.

సంతోషం రెండు మైళ్ళు నిలిచింది. తర్వాత పన్నెండు గంటల ఎండ, ఇంజను వేడి, ఎదురుగా చెరుకు ట్రాక్టరు, దాటడానికి దారి లేదు. చెమట కళ్ళలోకి దిగింది. స్టీరింగు చెయ్యి పెట్టనివ్వలేదు. ఇరవై అయిదు కిలోమీటర్లు. నా నరాలకు పొర భద్రంగానే ఉంది, అయినా షెడ్డు చేరేసరికి బ్రేకు మీద నా కాలు వణికింది. నిన్న కుప్పం నుంచి కృష్ణగిరి దాకా ఆవిడ ఒక్క మాట అనకుండా కూర్చుందని అప్పుడు తట్టింది.

ఇనుము సంగతి

ఇంజను ఆడుతుండగానే వెంకటాచలం బానెట్ ఎత్తి నన్ను దగ్గరికి పిలిచాడు. వదిన కూడా వస్తానంది. పొద్దుటి నుంచి పాదాలు నీళ్ళలో, తల నీడలో ఉన్న మనిషి కర్ర పట్టుకుని తానే నడిచి వచ్చింది.

బెల్టుతో గిర్రున తిరిగే ఒక చక్రం. దాని ముందు తిరగకుండా నిలబడ్డ ఒక పళ్ళెం. "చక్రం ఎప్పుడూ తిరగతానే ఉంటాది. మీరు ఏసీ అడిగితే లోపల అయస్కాంతం ఈ పళ్ళెమును లాగి చక్రానికి అంటిస్తాది. అంటుకుంటే కంప్రెసరు తిరగతాది. ఇదే దా ఏసీ క్లచ్."

క్లచ్! కృష్ణగిరి షాపాయన మొహం గుర్తొచ్చింది. నేను బిల్లు సంగతి ఎత్తలేదు. వదినే ఎత్తింది.

"ఇప్పుడు అడగండి," అన్నాడు. స్విచ్ వేశాను. పళ్ళెం కదల్లేదు. ఆయన ఒక పొడుగాటి వెదురు పుల్ల తీసుకుని, జాగ్రత్తగా పళ్ళెం మొహాన్ని చక్రం వైపు రవ్వంత తోశాడు. టక్‌మని అంటుకుంది. కారులోంచి చల్లగాలి బుస్సుమని వచ్చింది.

"గ్యాసు ఉండాది. కంప్రెసరు బాగుండాది. రెంటికీ మధ్య సందు దా ఎక్కువయింది. ఇరవై ఏండ్లు రాసుకోని రాసుకోని అరిగినాయి. పొద్దున చల్లంగా ఉంటే అయస్కాంతానికి బలం ఉంటాది, ఎంత సందున్నా లాగుతాది. వేడెక్కితే బలం తగ్గుతాది. లాగుతాది, పాపం, అందదు."

"మా ఊళ్ళో ముగ్గురు చూసి ఏమీ లేదన్నారు," అన్నాను.

"పొద్దున చూసింటారు. పొద్దున పని చేసింది గదా, మద్దేనం ఏమొచ్చిందని అంటారు. బండి నాటకమాడతా ఉందని అంటారు." పుల్లను గోడకు ఆనించాడు. "ఇనుముకు నాటకం తెల్దు మా."

వదిన నా వైపు చూసింది. కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని, లోపల తిరుగుతున్న చక్రాన్ని చూస్తూ నిలబడింది. నా మొహం మీదికి వచ్చిన వేడి ఇంజనుది కాదు. పెళ్ళింట్లో నవ్విన నలుగురి మొహాలూ వరసగా గుర్తొచ్చాయి. వెళ్ళి ఇంజను ఆపాను.

బండి చల్లారాక ఆయన ముందు చక్రం విప్పి కిందికి దూరాడు. నడిమి బోల్టు తీసి పళ్ళెం ఊడదీశాడు. దాని వెనక కాగితమంత పల్చటి వాషరు ఒకటి ఉంది. దాన్ని గోటితో తీసి నా అరచేతిలో పెట్టాడు. మళ్ళీ పళ్ళెం బిగించి, సన్నటి ఇనుప రేకు ఒకటి సందులో దూర్చి, చుట్టూ తిప్పి చూసి, తల ఊపాడు. అంతే. కొత్తది ఏదీ వెయ్యలేదు, ఉన్నదాంట్లోంచి ఒకటి తీశాడు. వాషరు మందమెంతో సందు అంత తగ్గింది. ఇలాంటి తీసివేత లెక్క నేను పిల్లలకు ఎప్పుడూ చెప్పలేదు.

మళ్ళీ నన్ను ఎండలోకి తోలాడు. గంట తిరిగొచ్చాను. గాలి నిలిచిపోలేదు. కూలి నాలుగు వందలు. ఇంకో వంద ఇవ్వబోతే వెనక్కి నెట్టాడు.

"ఇంగ తీసేదానికి వాషరు లేదు, ఇదే కడాది. జాగ్రత్తగా వాడితే రెండు మూడు వేసవులు వస్తాది. ఎట్లా వాడాలో రాసిస్తాను. మీరు మరిచిపోతారు."

చెవి మీది పెన్సిలు తీసి, మాకు వీపు తిప్పి, చాలాసేపు రాశాడు. ఒక్కో మాటకూ ఆగి ఆలోచించాడు. వాషరును ఆ కాగితంలోనే పొట్లం కట్టి ఇచ్చాడు. "తెలుగులోనే రాసినాను మా. నిదానంగా చదువుకోండి," అన్నాడు గర్వంగా. ఒక చేత్తో వదినను పట్టుకుని ఉన్నాను గనక పొట్లం సంచిలో వేసుకున్నాను. అవ్వ వదిన చేతిలో చింతకాయ తొక్కు పెట్టి, రెండు చేతులతో ఆవిడ చెంపలు నిమిరింది.

"అవ్వతో పొద్దుటి నుంచి ఏమి మాట్లాడినారు వదినా?" అని కారులో అడిగాను.

"అన్నీ," అంది.

హొగెనక్కల్ మెట్లు

మూడో రోజు పెన్నాగరం మీదుగా కొండ దిగాము. ఏసీ అడిగినదల్లా ఇచ్చింది. ఎండకు ముందే పుట్టి ఎక్కాలని నా లెక్క. కాని బండి నిలిపిన చోట ఒక కోతి పాలకోడు టమోటాల సంచి లాక్కుని కారెక్కింది. టమోటాలు పోతే పోయాయి, ఆ సంచిలోనే వదిన మాత్రలున్నాయి. ఒక వేపుడు చేపల ఆమె కోతికి అరటిపండు చూపించి బేరమాడి సంచి విడిపించేసరికి గంట పట్టింది. ఆమెకు ఋణపడి ఆ పొద్దునే చేపలు తిన్నాము. కారం దట్టంగా పట్టించి, మన కంటికి ఎదురుగానే నూనెలో వేస్తారు. ఒళ్ళంతా నూనె పూసి మర్దనా చేసేవాళ్ళు రాళ్ళ మీద మనుషులను పడుకోబెట్టి చపాతీ పిండిలాగా పిసుకుతున్నారు. వదిన అన్నీ ఆగి ఆగి చూసింది.

రేవుకు దిగే మెట్ల దగ్గరికి వచ్చేసరికి పదకొండు. పుట్టిని ఇక్కడ పరిసల్ అంటారు. మా పుట్టివాడు నడివయసు మనిషి, తెడ్డు భుజాన వేసుకుని ముందు దిగుతున్నాడు. కింద నీళ్ళు, నీళ్ళ మీద గుండ్రంగా పుట్టి, ఎదురుగా పొగలాంటి తుంపర. బొమ్మ కార్డులో ఉన్నట్టే ఉంది. సగం మెట్లు దిగాక వదిన ఆగిపోయింది.

"సరళా. నిలిచిపోయినాయి."

ఇంకా ఇరవై మెట్లుంటాయి. "ఇంతదూరం వచ్చి, ఇంకో ఇరవై మెట్లే గదా వదినా," అనే మాట నాలుక చివరన ఉంది. అలవాటు అంత తొందరగా పోదు. పళ్ళు బిగించి, ఆవిడను పక్కనున్న గోడ నీడలో కూర్చోబెట్టాను. మొహం తుడవడానికి చేతిగుడ్డ కోసం సంచిలో వెతికితే పొట్లం చేతికొచ్చింది. విప్పాను. వాషరు కింద రెండు వరసల రాత. ఒక్క అక్షరం తెలియలేదు. అంతా తమిళ అక్షరాలు.

"తెలుగులోనే రాసినానన్నాడే!" అన్నాను.

పుట్టివాడు రెండు మెట్లు పైకి వచ్చి చెయ్యి చాపాడు. కాగితం తీసుకుని, నుదురు ముడివేసుకుని, బడిపిల్లాడిలాగా పైకి చదివాడు:

"పండి వేడెక్కితే కాలి నిలిసిపోతాది. తిట్టత్తు. నిలిపి, సల్లారనిచ్చి, మల్లా అడగండి."

చదివి తల ఎత్తి, ఇది తమిళమే కాదే అన్నట్టు మమ్మల్ని చూశాడు. చదవగలిగినవాడికి అర్థం కాలేదు, అర్థమైన మాకు చదవడం రాదు. తెలుగు రాయడానికి వెంకటాచలానికి ఉన్నది తమిళ అక్షరాలే. మాట తెలుగైతే చాలు, తెలుగువాళ్ళు చదువుకుంటారనుకున్నాడు.

నేను మాత్రం ఒక మాట దగ్గరే ఆగిపోయాను. కాలి నిలిచిపోతుంది. "మీ కాళ్ళ సంగతి రాశాడేమిటి వదినా? అవ్వకు చెప్పిందంతా విన్నాడా?"

వదిన పెదవులు కదుపుతూ లెక్క కట్టింది. "పండి కాదు, బండి. వాళ్ళకు ప, బ రెంటికీ ఒకటే అక్షరం. పోస్టాఫీసులో చూసేదాన్ని, ఈ వైపు నుంచి వచ్చే కవర్ల మీద బాబును పాపు అని రాసేవాళ్ళు. క, గ కూడా అంతే." నవ్వింది. "గాలి సరళా. బండి వేడెక్కితే గాలి నిలిచిపోతాది, తిట్టద్దు. ఏసీ సంగతే."

ఏసీ సంగతే. పుట్టివాడి చేతిలోంచి కాగితం తీసుకున్నాను. చదవలేని ఆ రెండు వరసలనూ చూస్తూ ఆవిడ పక్కన మెట్టు మీద కూర్చున్నాను. 

"నేను తిట్టినాను వదినా. మిమ్మల్ని. అందరి ముందూ. నాటకమనుకున్నాను."

"తెలుసు."

"తప్పు చేసినాను."

ఆవిడ నీళ్ళ వైపు చూస్తూ ఉంది. కళ్ళు తుడుచుకోలేదు, తుడుచుకోవలసినంత తడి ఉంది. "ఇన్నేండ్లలో ఎండలో నా పక్కన కూర్చున్నది నువ్వే," అంది.

పుట్టివాడు వేరే బేరం చూసుకుంటాడేమో అనుకున్నాను. వాడు తెడ్డు గోడకు ఆనించి, బీడీ వెలిగించుకుని కూర్చున్నాడు. నేను కిందికి దిగి తువ్వాలు కావేరిలో తడిపి తెచ్చి ఆవిడ పాదాల మీద కప్పాను. అది వెచ్చబడితే మళ్ళీ దిగి తడిపి తెచ్చాను. ఎన్ని మెట్లో లెక్కపెట్టలేదు.

కొంతసేపయ్యాక అడిగాను, "వదినా, ఇప్పుడు?"

"ఇంకా లేదు."

కూర్చున్నాను. మళ్ళీ తడిపాను. మళ్ళీ అడిగాను.

"ఇంకొంచెం."

మూడోసారి అడిగినప్పుడు ఆవిడ కర్ర నా చేతికిచ్చి, నా భుజం పట్టుకుని లేచింది.